నమీబియా లైసెన్సు మన కస్టమ్స్ దగ్గర చెల్లుతుందా?

ప్రశ్న: మేం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా తమ్ముడు పన్నెండేళ్లుగా నమీబియాలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే సంక్రాంతికి కుటుంబంతో సహా పూర్తిగా వచ్చేస్తున్నాడు. ఇంటి సామానంతా కంటెయినర్‌లో వేసి విశాఖ పోర్టుకు పంపుతాడట. అందులో తను అక్కడ లైసెన్సు తీసుకుని వేటాడిన జంతువులవి మూడు ఉన్నాయి. ఒక చిరుత చర్మం, ఒక జీబ్రా చర్మం, మెలికలు తిరిగిన కొమ్ములతో కుడు అనే జంతువు తల. ‘అన్నిటికీ కాగితాలున్నాయక్కా, నాకంటే ముందు సామాను దిగుతుంది కాబట్టి బావ పేరు మీద పంపిస్తా’ అంటున్నాడు. మావారు ప్రభుత్వ ఉద్యోగి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి. మా మామగారు జపానికి కూర్చునే జింక చర్మం ఇంట్లో ఉంది. ఆయన పోయి రెండేళ్లయింది. అత్తగారు దాన్ని దేవుడి గదిలో భద్రంగా దాచుకున్నారు. తమ్ముడి సంగతి విన్నాక దానికీ ఏమైనా ఇబ్బంది ఉంటుందా అని భయం పట్టుకుంది.
– ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క పని చేయండి. ఈ రాత్రికే మీ తమ్ముడికి ఫోన్ చేసి, ఆ మూడు వస్తువులూ కంటెయినర్‌లో వేయొద్దని, సామాను మీ వారి పేరు మీద అసలే పంపొద్దని చెప్పండి. మిగతా వివరాలు తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. కంటెయినర్ నమీబియా రేవు వాల్విస్ బేలో ఓడ ఎక్కనంత వరకు ఇది అక్కాతమ్ముళ్ల మధ్య మాట. ఎక్కిందంటే మీ చేతుల్లో ఉండదు.

‘కాగితాలున్నాయి’ అని మీ తమ్ముడు చెప్పింది అబద్ధమని నేననను. నమీబియాలో వేట చట్టబద్ధమే. అనుమతి తీసుకుని, రుసుం కట్టి, లైసెన్సు ఉన్న గైడును వెంటబెట్టుకుని వేటాడి ఉంటాడు. కానీ ఆ కాగితం చెప్పేది ఒకటే: ఆ జంతువును అక్కడ చంపడం అక్కడి చట్టానికి విరుద్ధం కాదని. దాని చర్మం ఇండియాకు రావచ్చని ఆ కాగితం ఎక్కడా చెప్పదు. రేషన్ కార్డు ఎంత అసలైనదైనా దాంతో విమానం ఎక్కనివ్వరు కదా. ఇదీ అంతే.

అడవి జంతువులూ వాటి చర్మాలూ కొమ్ములూ దేశాల సరిహద్దులు దాటడం గురించి ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉంది. సైటీస్ అంటారు. 1973 మార్చి 3న వాషింగ్టన్‌లో కుదిరింది, 1975లో అమల్లోకి వచ్చింది, 1976లో మనం చేరాం. నమీబియా కూడా అందులో ఉంది. అంతరించిపోయే ప్రమాదం ఉన్న జంతువులు దాని మొదటి అనుబంధంలో ఉంటాయి. ఇప్పుడే అంత ప్రమాదం లేకపోయినా వ్యాపారాన్ని అదుపు చేయకపోతే ఆ స్థితికి వచ్చేవి రెండో దాంట్లో ఉంటాయి. చిరుత మొదటి అనుబంధంలో ఉంది. ఆఫ్రికా చిరుతకు మినహాయింపేమీ లేదు. వేట ట్రోఫీలుగా, అంటే వేటకు గుర్తుగా దాచుకునే చర్మాలు, తలలుగా, ఏడాదికి ఇన్ని చిరుతలనే పంపవచ్చని కొన్ని దేశాలకు కోటా ఇచ్చారు. నమీబియాకు 250. బహుశా మీ తమ్ముడు ఈ కోటా మాట విని ధైర్యపడి ఉంటాడు. కోటా పంపే దేశానికే. తీసుకునే దేశం ఒప్పుకోవాలన్న షరతు అలాగే ఉంటుంది.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మొదటి అనుబంధంలోని జంతువు విషయంలో దిగుమతి చేసుకునే దేశం ముందు పర్మిట్ ఇవ్వాలి. అది చేతిలో ఉంటేనే పంపే దేశం ఎగుమతి పర్మిట్ ఇవ్వాలి. అంటే మొదటి అడుగు పడాల్సింది నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో కాదు, ఢిల్లీలో. మన పర్యావరణ శాఖలో దీనికోసం ఉన్న మేనేజ్‌మెంట్ అథారిటీ ముందు ఒప్పుకోవాలి. ఈ దిగుమతి వల్ల ఆ జాతికి హాని లేదని శాస్త్రీయ సంస్థ చెప్పాలి. చర్మం విశాఖలో దిగాక ‘ఇప్పుడు పర్మిట్ తెచ్చుకుంటాం, కాస్త టైమివ్వండి’ అంటే కుదరదు. నా అనుభవంలో ఈ తరహా కేసుల్లో ఎక్కువమంది మునిగేది ఇక్కడే. వాళ్లలో స్మగ్లర్లు తక్కువ. వరస తెలియక కాగితాలు తలకిందులుగా పట్టుకొచ్చినవాళ్లే ఎక్కువ.

‘ఇది వ్యాపారం కాదు, నా ఇంటి సామాను’ అని మీ తమ్ముడు వాదించవచ్చు. సొంత సామానుకు సైటీస్‌లో కొన్ని మినహాయింపులున్న మాట నిజమే. కానీ అంతకంటే కఠినమైన నిబంధనలు పెట్టుకునే హక్కు ప్రతి దేశానికీ ఉందని ఆ ఒప్పందమే చెబుతోంది. మనం పెట్టుకున్నాం. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోకి వచ్చే జంతువులు, వాటి భాగాలు, వాటితో చేసిన వస్తువుల దిగుమతిని మన దిగుమతి విధానం నిషేధించింది. విదేశాల నుంచి శాశ్వతంగా తిరిగొచ్చేవారికి ఇచ్చే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ రాయితీ వాషింగ్ మెషీన్ మీద, టీవీ మీద సుంకం తగ్గిస్తుంది. నిషేధం ఉన్న వస్తువుకు అది దారి ఇవ్వదు. డ్యూటీ ఎంతైనా కట్టేస్తాం అనే మాట కూడా ఇక్కడ పనికిరాదు. కట్టించుకుని వదిలేసే వస్తువు కాదది.

ఇప్పుడు మన చట్టంలో చిరుత స్థానం చూడండి. అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితా అయిన మొదటి షెడ్యూల్లో, పులి, సింహాలతో సమానంగా ఉంది. షెడ్యూల్లో రాసింది జాతి పేరు, పాంథెరా పార్డస్ అని. కంబాలకొండలో తిరిగే చిరుతదీ అదే పేరు, నమీబియా చిరుతదీ అదే పేరు. ఇది ఆఫ్రికాది కాబట్టి మన చట్టానికి సంబంధం లేదని కోర్టులో వాదించే వకీళ్లు ఉంటారు. ఆ వాదన గెలుస్తుందో ఓడుతుందో తేల్చుకోవడానికి మీ వారి ఉద్యోగాన్ని పణంగా పెట్టకండి. పైగా ఈ చట్టం 57వ సెక్షన్ ప్రకారం చర్మం ఎవరి దగ్గర దొరికితే వాళ్లు అక్రమంగా ఉంచుకున్నట్టే కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకునే బరువు వాళ్లదే. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది ప్రభుత్వం. ఇక్కడ ఆ వెసులుబాటు ఉండదు.

2022లో ఈ చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటీస్ జాబితాను నాలుగో షెడ్యూల్‌గా మన చట్టంలోనే చేర్చారు. అంతకుముందు ఇలాంటి దిగుమతుల్ని ప్రధానంగా కస్టమ్స్ చట్టం, విదేశీ వాణిజ్య చట్టం కిందే పట్టుకునేవారు. ఇప్పుడు వన్యప్రాణి చట్టం కూడా తోడైంది. జరిమానాలూ పెరిగాయి. మొదటి షెడ్యూలు జంతువు విషయంలో తప్పు రుజువైతే జైలు మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల వరకు పడుతుంది. జరిమానా 25,000 రూపాయలకు తగ్గదు. దీనికి తోడు 1962 కస్టమ్స్ చట్టం కింద సరుకు జప్తు, పెనాల్టీ, ప్రాసిక్యూషన్ వేరే ఉంటాయి.

మీ వారి సంగతి వేరే చెప్పాలి. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) మీద సరుకు అందుకునేవారి పేరు ఎవరిది ఉంటే ముందు ఫోన్ వాళ్లకే వస్తుంది. స్కానింగ్‌లో తేడా కనిపించి కంటెయినర్ తెరిస్తే మీ తమ్ముడు ఇంకా నమీబియాలోనే ఉంటాడు. విశాఖలో చేతికందేది ఆయన బావగారే. ‘నాకు తెలియదు, మా బావమరిది పంపాడు’ అని చెప్పుకోవచ్చు. చివరికి నిజం తేలవచ్చు కూడా. ఈలోగా అరెస్టయి 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే ప్రభుత్వ ఉద్యోగి సస్పెండ్ అయినట్టే లెక్క. పైగా మీరు ఈ ఉత్తరం రాశారంటే ఇక ‘తెలియదు’ అనే మాట మీ ఇంట్లో ఎవరూ నిజాయితీగా అనలేరు.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెబుతాను. ఊరు, పేరు వద్దు. విదేశం నుంచి వచ్చిన బంధువు ఇచ్చాడని ఒక పెద్దాయన చిరుత చర్మం డ్రాయింగ్ రూంలో గోడకు వేలాడదీసుకున్నారు. తెచ్చేటప్పుడు ఒక ఏజెంటు ‘అంతా నేను చూసుకుంటా సార్, కార్పెట్ అని రాసేద్దాం’ అన్నాడట. పదేళ్ల తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తే అధికారులు ఇంటికి వచ్చారు. ఆ చర్మాన్ని కోర్టులో మొదటిసారి దగ్గరగా చూశాను. నాఫ్తలీన్ వాసన, దాని కింద ఇంకేదో పాత తోలు వాసన. చెవులు ఎండి అప్పడంలా అయిపోయాయి. ఎడమ జబ్బ వెనక, రెండు మచ్చల మధ్య, చిన్న బెజ్జం. లోపల నుంచి దారంతో ఎంత పొందిగ్గా కుట్టారంటే, వేలితో తడిమితే తప్ప తెలియదు. గుమస్తా దాన్ని మడత విప్పి బల్ల మీద పరిచినప్పుడు ఆ పెద్దాయన తల తిప్పుకున్నారు. పదేళ్లపాటు వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయిన వస్తువే అది. ఆ ‘కార్పెట్’ అన్న మాటే ఆయన మెడకు చుట్టుకుంది. తెలియక తెచ్చాం అనే అవకాశం కూడా దాంతో పోయింది. ఏజెంటు ఫోన్ మాత్రం స్విచాఫ్. కాబట్టి మీ తమ్ముడికి అలాంటి సలహా ఎవరైనా ఇచ్చి ఉంటే వాళ్ల మాట అస్సలు విననివ్వకండి. సూట్‌కేసులో మడిచి విమానంలో తేవడమూ అలాంటిదే.

ఇక జీబ్రా. ఇక్కడ ‘ఏ జీబ్రా?’ అని అడగాలి. నమీబియాలో రెండు రకాలున్నాయి. మైదానాల్లో మందలుగా తిరిగే మామూలు జీబ్రా సైటీస్ జాబితాలో లేదు. కొండల్లో ఉండే హార్ట్‌మన్ జీబ్రా రెండో అనుబంధంలో ఉంది, కాబట్టి దానికి నమీబియా ఎగుమతి పర్మిట్ లేకుండా అడుగు కదపకూడదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. మైదానపు జీబ్రాకు చారలు పొట్ట కిందిదాకా వెళ్లి కలుస్తాయి. కొండ జీబ్రాకు పొట్ట తెల్లగా ఉంటుంది, నడుం వెనక చారలు సన్నగా జాలీ అల్లికలా కనిపిస్తాయి. బతికున్నప్పుడు గొంతు కింద మన ఎద్దుకు ఉన్నట్టు చిన్న గంగడోలు కూడా ఉంటుంది. మీ తమ్ముణ్ణి ఆ చర్మం తిరగేసి ఫొటో తీసి పంపమనండి. కాగితంలో ఏ పేరు రాసుందో కూడా చూడమనండి. పరుచుకోవడానికి పొట్ట భాగం కత్తిరించేసిన చర్మమైతే కస్టమ్స్ అధికారి కూడా తేల్చలేరు. నిపుణుల రిపోర్టు వచ్చేదాకా ఆపేస్తారు.

కుడు సైటీస్‌లో లేదు, మన షెడ్యూళ్లలో కనిపించే జంతువూ కాదు. మూడింటిలో చట్టపరంగా తేలికైనది ఇదే. అయినా కొమ్ములున్న తల కంటెయినర్‌లో కనబడితే అధికారి దాన్ని కుడు అని వెంటనే నమ్మరు, నమ్మకూడదు కూడా. వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరోకు కబురు వెళ్తుంది. జంతువుల తోలు, కొమ్ములంటే రోగాల భయంతో క్వారంటైన్ అనుమతి కూడా అడుగుతారు. వన్యప్రాణి వస్తువుల్ని ప్రభుత్వం పేర్కొన్న రేవుల్లోనే తనిఖీకి చూపించాలనే నిబంధన మరొకటి. ఇవన్నీ తేలేలోపు మీ మరదలి వంట సామాను, పిల్లల పుస్తకాలు, మంచాలు అన్నీ యార్డులో ఉండిపోతాయి. సరుకు అక్కడ ఉన్నందుకు కట్టాల్సిన డెమరేజి రోజురోజుకీ పెరుగుతుంది. ఆ ఒక్క తల మీద అంత మనసుంటే, తర్వాత తీరిగ్గా, విడిగా, పర్యావరణ శాఖ నుంచీ విదేశీ వాణిజ్యాన్ని చూసే డీజీఎఫ్‌టీ నుంచీ ముందే లిఖితపూర్వకంగా సమాధానం తెప్పించుకుని తెచ్చుకోమనండి. ఇంటి సామానులో కలపొద్దు.

మీ తమ్ముడు ‘అమెరికా వాళ్లు తీసుకెళ్తున్నారుగా’ అంటాడేమో. తీసుకెళ్తున్నారు, కానీ అక్కడా దారి ఇరుకవుతోంది. 2015 జులైలో జింబాబ్వేలో సీసిల్ అనే సింహాన్ని ఒక అమెరికన్ చంపాక ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. అంతకు కొద్ది నెలల ముందే ఆస్ట్రేలియా, ఆ తర్వాత అదే ఏడాది ఫ్రాన్స్ సింహం ట్రోఫీల దిగుమతి ఆపాయి. ఆ తర్వాతి ఏడాది నెదర్లాండ్స్ మరెన్నో జాతులకు తలుపు మూసింది. బెల్జియం 2024లో చట్టం చేసింది. బ్రిటన్‌లో నిషేధ బిల్లు 2023లో కామన్స్ సభ దాటి లార్డ్స్ సభలో ఆగిపోయింది. దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. వేట డబ్బు తమ పల్లెలకు ఆదాయమనీ, ఆ ఆదాయం వల్లే జనం అడవి జంతువుల్ని భరిస్తున్నారనీ నమీబియా, బోట్స్వానా చెబుతాయి. 2024లో జర్మనీ ట్రోఫీల మీద ఆంక్షల మాట ఎత్తితే, 20,000 ఏనుగుల్ని మీకే పంపిస్తాం, మీరే సాకండి అన్నాడు అప్పటి బోట్స్వానా అధ్యక్షుడు. పంట పొలంలో ఏనుగు పడితే ఏమవుతుందో మన మన్యం జిల్లా రైతుకు తెలుసు కాబట్టి ఆ మాటలో బాధను నేను కొట్టిపారేయలేను. కానీ వాళ్ల అడవిని ఎలా కాపాడుకోవాలో వాళ్లు తేల్చుకోవాల్సిన విషయం. మన దేశం 1972 చట్టంతో వేటను కట్టడి చేసి, 1991 సవరణతో వేటే వద్దని తేల్చుకుంది. నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తుంది. ఒకప్పుడు మన ఏజెన్సీలో వేటకు వెళ్లి, తుపాకీ పట్టుకుని, చంపిన జంతువు మీద కాలు పెట్టి ఫొటో దిగని జమీందారు లేడు. ఆ ఫొటోల్లో ఉన్నన్ని చిరుతలు ఇప్పుడు ఆ కొండల్లో చూపించమంటే ఎవరం చూపించలేం.

మరి ఆ చర్మాల్ని ఏం చేయాలి? అక్కడే ఉంచేయమనండి. వేటకు తీసుకెళ్లిన ఫామ్‌కు ఇవ్వవచ్చు, ఏదైనా స్కూలుకో మ్యూజియానికో ఇవ్వవచ్చు. ఎవరికిచ్చినా అక్కడి నిబంధనల ప్రకారం కాగితం రాసివ్వమనండి. తమ్ముడికి కష్టంగానే ఉంటుంది, పన్నెండేళ్ల జ్ఞాపకం కదా. మీరు కోప్పడకుండా, మీ వారి ఉద్యోగం సంగతి చెప్పండి. చట్టం పేరు చెబితే వాదిస్తాడు గానీ, బావ పేరు చెబితే వింటాడు.

ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న జింక చర్మం. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. తమ్ముడి వస్తువులు ఇంకా రాలేదు, ఇది ఇప్పటికే ఇంట్లో ఉంది. మన వైపు జపతపాలున్న ఇళ్లలో కృష్ణాజినం ఉండడం వింత కాదు. తాతల నాటిదై ఉండవచ్చు. దాన్ని దాచుకున్న మీ అత్తగారిలో నేరబుద్ధి లేదని నాకూ తెలుసు. కానీ చట్టం ఏ జింకో చూస్తుంది. ఎర్రటి గోధుమరంగు మీద తెల్ల చుక్కలుంటే దుప్పి. అది రెండో షెడ్యూలు. చుక్కల్లేకుండా పైన ముదురు గోధుమో నలుపో, అంచుల దగ్గర తెలుపో ఉంటే కృష్ణజింక. అది మన రాష్ట్ర జంతువు, మొదటి షెడ్యూలు. అంటే చట్టం దృష్టిలో చిరుతతో సమానం.

పాత వస్తువుల్ని ప్రకటించుకోవడానికి ప్రభుత్వం 2003లో చివరిసారిగా 180 రోజుల గడువిచ్చింది. అప్పట్లో మీ మామగారు ప్రకటించి ఉంటే, రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అటవీ అధికారి అయిన చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఉండాలి. ముందు ఆయన బీరువా, పాత ఫైళ్లు, పంచాంగాల మధ్య పెట్టుకున్న కాగితాలు అన్నీ వెతకండి. ఉంటే సగం బరువు దిగినట్టే. వారసత్వంగా వచ్చిన 90 రోజుల్లో వార్డెన్‌కు తెలియజేయాలని చట్టంలో ఉంది. మీకు ఆ గడువు దాటిపోయింది, అయినా ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడే తెలియజేయాలి. ఉంచుకోవడం ఇష్టం లేకపోతే, సర్టిఫికెట్ ఉన్నవారు ఏడు పనిదినాల ముందు నోటీసిచ్చి వార్డెన్‌కు అప్పగించవచ్చు. పరిహారం రాదు.

సర్టిఫికెట్ దొరక్కపోతే కంగారుపడి మాత్రం ఏ పనీ చేయకండి. కాల్చొద్దు, సముద్రంలో వేయొద్దు, పనిమనిషి చేత చెత్తబండిలో వేయించొద్దు. పూజా సామాన్ల కొట్లో అడిగితే కొనేవాళ్లు దొరుకుతారు, కానీ అమ్మితే మాత్రం నేరం ఖాయమైనట్టే. బంధువుల ఇంటికి మార్చడమూ వద్దు. వన్యప్రాణి కేసులు తెలిసిన ఒక వకీలును కలవండి. మామగారు ఎప్పటినుంచి వాడేవారో, ఆయన ఎప్పుడు కాలం చేశారో, ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో, స్వచ్ఛందంగా అప్పగించదలచామని ఒక పేజీ ఉత్తరం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పేరున రాయించండి. దాన్ని విశాఖ అటవీ అధికారి (డీఎఫ్‌ఓ) ఆఫీసు ద్వారా ఇవ్వండి. ఇలా ఇస్తే కేసు ఉండదని చట్టం హామీ ఏమీ ఇవ్వదు, కాబట్టే వకీలును కలవమంటున్నాను. కానీ తామే వచ్చి అప్పగించిన కుటుంబాన్నీ, సోదాలో దొరికిన కుటుంబాన్నీ ఏ అధికారీ, ఏ కోర్టూ ఒకేలా చూడవు. ఆ తేడా నేను కళ్లారా చూశాను.

అత్తగారికి మాత్రం ఈ సెక్షన్లేవీ చెప్పకండి. ఆవిడకు అది తోలు కాదు, భర్త రోజూ కూర్చున్న చోటు. దర్భాసనం మీద జపం చేసుకునే పెద్దలు ఎందరో ఉన్నారని, మామగారి జపమాల, పంచపాత్ర ఎక్కడికీ పోవని మీ వారి చేత నెమ్మదిగా చెప్పించండి. అప్పగించే రోజు ఆవిడ చివరిసారి దాన్ని మడత పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. తీసుకెళ్లే ముందు రెండు వైపులా ఫొటోలు తీయండి. ఆఫీసులో మీ ఉత్తరం రెండో కాపీ మీద తేదీతో సహా ముద్ర, సంతకం వేయించుకోండి. దాన్ని ఇంటి దస్తావేజులున్న ఫైల్లోనే పెట్టండి, వేరే ఎక్కడా కాదు.